మా లైను మనుషులు

పోయిన నెల ఒక పొద్దున ఉప్పల్ నుంచి ఫోనొచ్చింది. "అవ్వ పోయిందే" అని ఒక్క మాట అని ఏడ్చేసింది. బొగ్గుబాయిల ఊరు బెల్లంపల్లిలో, వరసగా ఉన్న కంపెనీ క్వార్టర్ల లైనులో, మా పక్క క్వార్టర్ పెద్దమ్మ బిడ్డ ఆమె. మా దగ్గర అవ్వ అంటే అమ్మ. పెద్దమ్మ అని పిలవడమే గానీ మాకూ వాళ్లకూ చుట్టరికం లేదు. రెండిళ్లకూ నడుమ ఒకటే గోడ. వాళ్లు అటు మేకు కొడితే ఇటు మా సున్నం రాలేది.

ఇద్దరం మధ్యాహ్నం భాగ్యనగర్ ఎక్స్‌ప్రెస్ ఎక్కాం. కాజీపేట, జమ్మికుంట, పెద్దపల్లి. రామగుండంలో ఎన్టీపీసీ పొగగొట్టాలు కనబడగానే చిన్నప్పుడు మేం చెప్పులు వెతుక్కునేవాళ్లం. తర్వాత గోదావరి వంతెన, మంచిర్యాల, రవీంద్రఖని, మందమర్రి. దారి పొడుగునా ఆమె ఏమీ మాట్లాడలేదు. నా చెయ్యి మాత్రం వదల్లేదు.

తెల్లారి వాకిట్లో స్నానానికి నీళ్లు కాచారు. కట్టెలు పచ్చిగా ఉండి అంటుకోకపోతే ఎవరో ముసలాయన ఇంటి వెనక నుంచి నాలుగు బొగ్గు పెళ్లలు తెచ్చి వేశాడు. కాసేపటికి పసుపుపచ్చటి పొగ లేచి వాకిలంతా కమ్మింది. పచ్చి బొగ్గు రాజుకునేటప్పటి ఆ ఘాటు ముక్కుకు తగిలేసరికి, అక్కడ నిలబడ్డ యాభై అరవై ఏళ్ల మనుషులందరం ఒకరి ముఖం ఒకరు చూసుకున్నాం.

*

ఆ పొగలోనే పెరిగాం మేమంతా. కంపెనీ కార్మికులకు ఇంటి వాడకానికి బొగ్గు ఇచ్చేది. మా దగ్గర సింగరేణి అని ఎవరూ అనరు, కంపెనీ అనే అంటారు. పెద్ద పెళ్లలను ఇంటి వెనక కుప్ప పోసి కాల్చి, పొగ ఆగి ఎర్రబడ్డాక నీళ్లు చల్లి ఆర్పేవారు. అలా కాల్చిన బొగ్గు ఇంట్లో పొగ పెట్టకుండా మండుతుంది. అది అయిపోయిన రోజు పచ్చి బొగ్గే గతి. సిగిడి అంటే బొగ్గు పొయ్యి. పచ్చి బొగ్గు సిగిడిని ఇంట్లో రాజేస్తే మనిషి ఉండలేడు. అందుకని తెల్లవారుజామున, మళ్లీ పొద్దుగూకే వేళ ఆడవాళ్లంతా సిగిడీలు బయట పెట్టేవారు. అడుగున పిడక ముక్కలు, చితుకులు, కొంచెం కిరసనాయిలు, పైన బొగ్గు. పొగంతా పోయి నిప్పు తేరేదాకా అరగంట పట్టేది. లైనంతా ఇరవై ఇళ్ల ముందు ఇరవై పొగలు.

ఆ అరగంటే మా లైనుకు అసలు బతుకు. పొయ్యి వదిలి లోపలికి పోవడానికి లేదు, ఊరికే కూర్చోవడానికి లేదు. విసనకర్రతో ఊపుతూ ఒకరితో ఒకరు మాట్లాడుకునేవారు. ఎవరి ఇంట్లో పిల్లకు జ్వరం, ఎవరి మగనికి నాగాలు ఎక్కువై షోకాజు నోటీసు వచ్చింది, ఎవరింట్లో బియ్యం నిండుకున్నాయి, అన్నీ ఆ పొగలోనే తెలిసేవి. "ఏం అక్కా, ఇయ్యాల ఒక్క చెంబే పెట్టినవ్, నీళ్లు రాలేదా?" అని మా అవ్వ అడిగేది. అటు నుంచి జవాబు వచ్చేలోపు నన్ను బిందెతో పంపేది. ముందు రాజుకున్న సిగిడి మీద పక్కింటి పాలు కాగేవి. రెండు నిప్పు కణికలు అట్లకాడ మీద పెట్టుకుని ఒక ఇంటి నుంచి మరో ఇంటికి పరుగెత్తడం పిల్లల పని.

కళ్లు మండేవి. ఎప్పుడూ దగ్గే. ఆరేసిన తెల్ల బట్టలు సాయంత్రానికి బూడిద రంగుకొచ్చేవి. ఆ పొగ తిరిగి రావాలని నేను కోరుకోను. గ్యాసు వచ్చిన నాడు మా అవ్వ పొయ్యికి పసుపు కుంకుమ పెట్టి దండం పెట్టింది.

*

లైను మొత్తం సైరను మీద నడిచేది. ఫస్ట్ షిఫ్టు, సెకండ్ షిఫ్టు, నైట్ షిఫ్టు. గడియారం లేని ఇళ్లుండేవి గానీ షిఫ్టు తెలియని ఇల్లు లేదు. "మీ బాపు ఏ షిఫ్టు?" అన్నదే పిల్లలం ఒకరినొకరం మొదట అడిగే మాట. దాన్నిబట్టే ఎవరింటి ముందు ఆడుకోవచ్చో తెలుస్తుంది. నైట్ షిఫ్టు చేసొచ్చిన మనిషి పగలు పడుకుంటాడు. ఆ ఇంటి ముందు గోటీలు ఆడినా చెవి మెలిపెట్టేవారు, అది ఎవరి పిల్లాడైనా సరే. కూరగాయలమ్మే ఆమె కూడా మా లైనులోకి రాగానే గొంతు తగ్గించి, తలుపు తలుపు దగ్గరికి వచ్చి మెల్లగా "వంకాయ తీస్కుంటవా అమ్మా" అనేది. ఆమెకూ తెలుసు ఎవరింట్లో ఎవరు పడుకున్నారో.

మా బాపు కోల్‌ఫిల్లర్. తట్టా చెమ్మస్ పని. బాంబు పేల్చి కూల్చిన బొగ్గును చెమ్మస్‌తో తట్టకెత్తి, తట్టతో టబ్బు నింపాలి. పెద్దమ్మ వాళ్లాయన టింబర్‌మన్, పైకప్పు కూలకుండా దిమ్మెలు నిలబెట్టే పని. ఇద్దరూ ఒకే బొగ్గుబాయి, ఎక్కువసార్లు ఒకే షిఫ్టు. బాపు ఇంటికొచ్చాక కన్నుల చుట్టూ నల్లగా కాటుక పెట్టినట్టు ఉండిపోయేది, ఎంత సబ్బు రుద్దినా పోయేది కాదు. మా పెద్దనాన్న బాయి దిగేముందు రోజూ మా అవ్వతో, "మీ ఆయన తల మీద కప్పు నాది" అనేవాడు.

వేళ కాని వేళ సైరను మోగితే లైనంతా లేచేది. ఒకసారి అలాగే మోగింది. సిగిడీలు మండుతున్నవి మండుతున్నట్టే వదిలేసి ఆడవాళ్లంతా బాయి గేటు దగ్గరికి పరుగెత్తారు. చెప్పులు లేవు ఎవరికీ. గేటు దగ్గర వాళ్లు ఏమీ చెప్పరు. అయితే లాంప్‌రూం ఉంటుంది. దిగేటప్పుడు ఎవరి నంబరు ల్యాంపు వాళ్లు తీసుకుంటారు, ఎక్కి వచ్చాక అదే చోట పెడతారు. ఏ నంబరు చోటు ఖాళీగా ఉందో చూస్తే ఎవరు ఇంకా లోపలున్నారో తెలిసిపోతుంది. మా అవ్వకు చదువు రాదు. బాపు ల్యాంపు నంబరు మాత్రం అంకెలు చూసి గుర్తుపట్టేది. ఆ రోజు బాపు నంబరు తిరిగొచ్చింది, పెద్దనాన్నది రాలేదు. మా అవ్వ సంతోషపడలేకపోయింది. పెద్దమ్మను గట్టిగా పట్టుకుని నేల మీదే కూర్చుండిపోయింది.

ఆయన బతికాడు. కప్పు కూలి కాలు నుజ్జయింది. కంపెనీ దవాఖానలో ఉన్నన్నాళ్లూ పెద్దమ్మ ఇంట్లో పొయ్యి వెలగలేదు. లైనులో ఒక్కో పూట ఒక్కో ఇంటివాళ్లు క్యారియర్ పంపేవారు. ఎవరూ వంతులు వేయలేదు, పొగలో మాట్లాడుకుంటూనే అంతా కుదిరిపోయింది.

*

1981లో 56 రోజుల సమ్మె జరిగింది. ఒక్కరోజు సమ్మె చేస్తే ఎనిమిది రోజుల జీతం కోస్తామన్నందుకు మొదలైందని తర్వాత పెద్దయ్యాక చదివి తెలుసుకున్నాను. అప్పటికి నేను చిన్న క్లాసు. నాకు గుర్తున్నది జీతం లేని నెల. మామూలుగా జీతం రోజు బాయి గేటు బయట గిరిగిరి వడ్డీల వాళ్లు వరసగా నిలబడేవారు, బాపు చేతిలో పైసలు ఇల్లు చేరేసరికి సగమయ్యేవి. ఆ రోజుల్లో వాళ్లు కూడా కనబడలేదు. సొంతూళ్లలో నాలుగు గుంటల భూమి ఉన్నవాళ్లు జొన్నలు తెప్పించారు. జొన్నలు తెచ్చినవాళ్ల ఇంట్లో విసురురాయి తిరిగితే లైనులో అందరికీ చప్పుడు వినబడేది. వినబడ్డాక ఒక్క ఇల్లే తినడం మా లైనులో కుదిరే పని కాదు.

సొంతూరు అన్నాను కదా. కరీంనగర్ వైపు మాకూ ఒక ఊరుంది. ఎండాకాలం సెలవుల్లో పోయేవాళ్లం. అది బెల్లంపల్లి కంటే ఎంతో చిన్నది, అందరికీ అందరూ తెలుసు. కానీ అక్కడ మేం నడవని వీధులుండేవి. మా అవ్వ బావి గట్టున దూరంగా నిలబడేది, వేరే ఎవరో చేదిపోస్తేనే మా బిందె నిండేది. అదే అవ్వ బెల్లంపల్లిలో పెద్దమ్మ వాళ్ల కడవ ముట్టుకుని నీళ్లు ముంచుకునేది. పెద్దమ్మ వాళ్లది మా ఊరి లెక్కన మేం గడప తొక్కకూడని ఇల్లు. కంపెనీ క్వార్టర్లిచ్చింది సీనియారిటీ చూసి. గోడకు ఆనుకుని ఎవరొస్తారో ఎవరి చేతిలోనూ లేదు. బాయి లోపల ఒకే డబ్బా నీళ్లు తాగిన మగవాళ్లు పైకొచ్చి వేరే తాగడానికి సిగ్గుపడ్డారు. పట్టింపులు పూర్తిగా పోయాయని చెప్పను, పెళ్లిళ్ల దగ్గర అన్నీ బయటపడేవి. అయినా మా అవ్వ తన జీవితంలో తల ఎత్తుకుని నీళ్లు పట్టుకున్నది ఆ లైనులోనే.

అందుకే పల్లెల్లో మనుషులు మంచివాళ్లు, పట్నంలో రాతిగుండెలు అని ఎవరైనా అంటే నాకు ఒళ్లు మండుతుంది. ఏ పల్లె? ఎవరికి మంచి?

*

ఆ లైనులో ఊపిరాడని రోజులు కూడా ఉన్నాయి. ఇంటర్‌లో ఉండగా ఒక క్లాసుమేటు అబ్బాయి నోట్సు ఇవ్వడానికి తిలక్ స్టేడియం దగ్గర ఆగి నాతో మాట్లాడాడు. నేను ఇల్లు చేరేసరికే ఆ సంగతి మా అవ్వకు తెలిసింది. రాత్రి బాపు ఏమీ అనలేదు, అన్నం తినకుండా పడుకున్నాడు. తిట్టినా బాగుండేది. లైనులో ఒక ఇంట్లో మొగుడు పెళ్లాన్ని కొట్టే చప్పుడు గోడలు దాటి అందరికీ వినబడేది. జొన్నలు విసిరిన చప్పుడు విన్నవాళ్లే అది విననట్టు ఊరుకున్నారు. ఆ ఇంటామె ముఖం ఇప్పటికీ నాకు గుర్తొస్తుంది.

అందుకే హైదరాబాద్ వచ్చిన కొత్తల్లో నాకు గాలి పీల్చినట్టుండేది. విద్యానగర్‌లో ముగ్గురు ఆడపిల్లలం ఒక గది. చిక్కడపల్లిలో ఒక ప్రెస్సులో డీటీపీ పని. తెలుగు పుస్తకాలు కంపోజ్ చేసి, ప్రూఫులు తీసి, దిద్దిన తప్పులు సరిచేసి, బటర్ పేపర్ మీద ప్రింటు ఇవ్వాలి. పని ఆలస్యమై రాత్రి తొమ్మిదికి గదికి నడిచొస్తుంటే ఎవరూ నా వైపు చూసేవారు కాదు. ఎవరి బిడ్డవని అడిగేవారు కాదు. ఆర్టీసీ క్రాస్‌రోడ్స్‌లో సెకండ్ షో వదిలిన జనంలో కలిసి నడిచిన మొదటి రాత్రి ఎంత తేలికగా అనిపించిందో ఇప్పుడు మాటల్లో పెట్టలేను.

పట్నమూ అడుగుతుంది. పెళ్లయ్యాక ఇల్లు వెతుకుతున్నప్పుడు "మీరేమిట్లు?" అని అడిగి, మేం చెప్పాక "మొన్ననే వేరేవాళ్లు అడ్వాన్స్ ఇచ్చారు" అన్న గడపలు ఎన్నో. చివరికి అశోక్‌నగర్‌లో, హుస్సేన్‌సాగర్ నాలాకు దగ్గరగా, కింది పోర్షన్ దొరికింది. పై పోర్షన్‌లో ఒక తమిళ కుటుంబం. మెట్ల దగ్గర ఎదురైతే తల ఊపేవాళ్లం. పేర్లు తెలియవు. వాళ్లాయన బ్యాంకు బ్యాగు చూసి బ్యాంకు ఉద్యోగి అనుకున్నాం, అంతే. అవ్వ వచ్చినప్పుడు ఆశ్చర్యపోయింది. "మీద నడుస్తున్న చప్పుడు ఇనబడుతది గాని మనిషెవలో ఎరుక లేదా?" అని.

*

2000 ఆగస్టు 24. ఒక్కరోజులో 24 సెంటీమీటర్ల వాన పడింది. నాలా పొంగి మా వీధిలోకి వచ్చింది. కరెంటు లేదు. చీకట్లో మంచం కోడు దగ్గర చల్లగా తగిలితే దిగి చూశాను, మోకాలి లోతు. బాబుకు ఇంకా ఏడాది నిండలేదు. తలుపు తెరిస్తే ఇంకా నీళ్లు వచ్చేస్తాయేమోనని భయం, తెరవకపోతే లోపలే ఉండిపోతామని భయం. అప్పుడు మెట్ల మీద టార్చిలైటు కనబడింది. "ముందు బాబును ఇవ్వమ్మా, మిగతావి తర్వాత" అంది పైనామె. చీర కుచ్చిళ్లు పైకి దోపుకుని ఆ మురికి నీళ్లలోకి దిగి వచ్చింది.

ఎదురింటి కిందివాళ్లను, పక్క సందులో ఉన్న ముసలి దంపతులను కూడా ఆ రాత్రి మేడ మీదికే చేర్చారు. నాలా పక్క బస్తీ కుర్రాళ్లు తాడు పట్టుకుని వీధి దాటించారు. ఆ కుర్రాళ్ల ఇళ్లు అప్పటికే మునిగిపోయాయని పొద్దున తెలిసింది. మూడు నాలుగు కుటుంబాలం ఒకే స్టవ్ మీద వండుకున్నాం. బురద ఎత్తిపోసేటప్పుడు ఎవరి గది అనే లెక్క లేదు. పై పోర్షన్ మామీ పేరు అప్పుడు తెలిసింది, ఆమెకు గుండె ఆపరేషన్ అయిందనీ అప్పుడే తెలిసింది. ఆ రోజుల్లో మా వీధి అచ్చంగా మా లైనే.

తర్వాత బురద ఆరింది, ఎవరి తలుపులు వాళ్లు వేసుకున్నారు. వీధి మళ్లీ మొదటిలాగే అయింది. మామీ మాత్రం బతికున్నన్నాళ్లూ మా బాబును తన మనవడనే చెప్పుకుంది.

*

2003 జూన్‌లో గోదావరిఖని సెవెన్ ఎల్‌ఈపీ బాయిలోకి నీళ్లు దూసుకొచ్చి 17 మంది కార్మికులు చనిపోయారు. ప్రెస్సులో ఆ వార్త విన్నాక నా చేతులు కీబోర్డు మీద ఆడలేదు. మా వాళ్లెవరూ ఆ బాయిలో లేరు. అయినా బొగ్గుబాయిల మీద బతికిన ప్రతి ఇంట్లో ఆ రాత్రి ఎవరూ పడుకుని ఉండరని నాకు తెలుసు. నా చుట్టూ ఉన్నవాళ్లు పని చేసుకుంటూనే ఉన్నారు. వాళ్ల తప్పేముంది? వాళ్లు బాయి చూడలేదు, సైరను వినలేదు.

మా ప్రూఫ్‌రీడర్ ఒక పెద్దాయన, పాతబస్తీ నుంచి సైకిల్ మీద వచ్చేవాడు. ఉర్దూ, తెలుగు రెండూ చదువుతాడు. నన్ను చూసి పెన్ను మూసి, "చలో బేటీ" అని ఎస్‌టీడీ బూత్‌కు తీసుకెళ్లాడు. బెల్లంపల్లికి లైను దొరికేదాకా పక్కనే కూర్చున్నాడు. బాపుతో మాట్లాడి బయటికొచ్చాక చాయ్ ఇప్పించాడు. కర్ఫ్యూ రోజుల్లో తమ గల్లీ ఎలా ఉండేదో అప్పుడు చెప్పాడు. మేడల మీద నుంచి తాడుకు గిన్నె కట్టి ఒక ఇంటి నుంచి మరో ఇంటికి పసిపిల్లల పాలు పంపేవారట, అటువైపు ఏ మతం వాళ్లున్నా సరే. "అప్పుడు మా గల్లీ ఒక్క ఇల్లులా ఉండేదమ్మా" అన్నాడు.

*

తొంభైల మొదట్లో లక్ష దాటి ఉన్న సింగరేణి కార్మికులు ఇప్పుడు 40 వేల దగ్గరున్నారు. బొగ్గు ఎత్తడానికి యంత్రాలొచ్చాయి, నేలను పైనుంచే తవ్వేసే ఓపెన్‌కాస్టులు వచ్చాయి. బెల్లంపల్లి చుట్టూ బాయిలు ఒక్కొక్కటే మూతపడ్డాయి. బెల్లంపల్లి ఏరియా అని పేరు మిగిలింది గానీ ఆ ఆఫీసు కూడా గోలేటిలోనే ఉంది. మా లైనులో చాలా క్వార్టర్లు కూలిపోయి తుమ్మ చెట్లు మొలిచాయి. పెద్దమ్మ కొడుకు క్వార్టర్ వదలకుండా అక్కడే చిన్న కిరాణా నడుపుకుంటున్నాడు.

అంత్యక్రియలకు మనుషుల కోసం ఆగాల్సి వచ్చింది. మందమర్రి నుంచి ఇద్దరు, మంచిర్యాల నుంచి ముగ్గురు, హైదరాబాద్ నుంచి మేం. పక్కన మా పాత క్వార్టర్‌లో ఇప్పుడు ఉంటున్నవాళ్లు ప్లాస్టిక్ కుర్చీలు ఇచ్చారు, తాగడానికి నీళ్లు పెట్టారు. మంచివాళ్లే. కానీ "పెద్దామె పేరేంది?" అని వాళ్ల కోడలు నన్ను అడిగింది. ఒకటే గోడ నడుమ, అదే గోడ. ఆమె భర్త మంచిర్యాలలో షాపులో పని చేస్తాడట, పొద్దున పోతే రాత్రి వస్తాడు. గ్యాసు పొయ్యి లోపల. నల్లా లోపల.

తిరుగు ప్రయాణంలో ఎదురు క్వార్టర్ అన్న నాతో వచ్చాడు. మాదాపూర్‌లో సెక్యూరిటీ గార్డుగా చేస్తున్నాడు. కిటికీ పక్కన కూర్చుని, "పట్నంల మనుషులు లేరు చెల్లె, మనది చిన్న ఊరు కాబట్టి అట్ల ఉండేటోళ్లం" అన్నాడు. నాకు అలా అనిపించలేదు. బెల్లంపల్లి ఇప్పటికీ చిన్న ఊరే కదా, మరి ఇప్పుడెందుకు లేదు అన్నాను. మనం మంచివాళ్లమై కాదు అన్నా, అందరికీ ఒకటే సైరను, ఒకటే భయం, ఒకటే నల్లా, అందుకే కలిసున్నాం అన్నాను. కాదంటాడు. మన తల్లిదండ్రుల గుణం వేరంటాడు. నువ్వు ఎవరితో ఉంటున్నావని అడిగితే చెప్పాడు: ఒక గదిలో ఆరుగురు గార్డులు, ఇద్దరు ఒడిశా, ముగ్గురు బీహార్. పగలు డ్యూటీ వాళ్లు రాత్రి వాళ్లకు వండి పెట్టి పోతారు. ఒకతనికి డెంగీ వస్తే మిగతావాళ్లు అతని డ్యూటీలు పంచుకుని చేసి జీతం కోత పడకుండా చూశారు. మరి అది? అన్నాను. "అది వేరే ముచ్చట" అన్నాడు. కాజీపేటలో చాయ్ తాగుతూ కూడా అదే మాట మీదున్నాడు.

సికింద్రాబాద్‌లో దిగగానే సెకండ్ షిఫ్టుకు టైమైందని మెట్రో వైపు పరుగెత్తాడు. రాత్రి మా లైను వాట్సాప్ గ్రూపులో అతని మెసేజ్ ఉంది. పదకొండో రోజుకు ఉప్పల్ నుంచి వ్యాన్ మాట్లాడుతున్నాడట, ఎవరెవరు వస్తారో పేర్లు రాయమన్నాడు. అప్పటికే తొమ్మిది పేర్లున్నాయి. కింద మా ఇద్దరి పేర్లూ రాశాను.